యూటర్న్

శనివారం ఆఖరి పీరియడ్.
లెక్కల సారు అడుక్కోని వారమే
నాకు దక్కే నైతిక విలువలు.

బోర్డు మీద 'పౌరుడు' రాస్తూ
చివరి కొమ్ము ఇంకా ఇవ్వకముందే
మూడో బెంచీలోంచి నఫీసా లేచింది:
"సార్, పొద్దుగాల ముషీరాబాద్ చౌరస్తా కాడ
రాంగ్ రూట్ల వచ్చింది మీరే గదా?"

తొమ్మిదో తరగతి బిగుసుకుపోయింది.
ఫ్యాను ఒక్కటే కిర్రుమంటోంది.

యూటర్న్ చాలా దూరమమ్మా అనబోయాను.
పెట్రోలు ధర అనబోయాను.
చేతిలో సుద్దముక్క విరిగింది.

"నేనే" అన్నాను.

ఆ పూటకి పాఠం అంతే.
పుస్తకం ఎవరూ తెరవలేదు.

సోమవారం
మెట్రో పిల్లర్లన్నీ దాటి తిరిగొచ్చేసరికి
రిజిస్టరులో నా పేరు పక్కన ఎర్ర సిరా.
గేటు దగ్గర ఎండలో
నఫీసా కూడా. తనూ లేటే.

ఎందుకని నేను అడగలేదు.
తనూ అడగలేదు.