పచ్చ మైకా

గూడూరు టేషను వెనక రేకుల షెడ్డు.
యాభయ్యారో సంవత్సరం, ఎండాకాలం.
పెద్దమ్మ పెంచలమ్మ పక్కన కూచుని
చెత్త ఏరేవాణ్ణి, అరపూట బడి ఎగ్గొట్టి.

మైకా రాయిని పుస్తకం అనేవాళ్లు.
అంచులో కత్తిమొన దూర్చి
ఊపిరి బిగబట్టి లాగితే
పొర కింద పొర, అచ్చుపడని పేజీలు.
ఆఖరి పొర వెనక వేలు పెడితే
వేలిముద్ర గీతలు లెక్కపెట్టొచ్చు.
చదువు రాని ముప్పైమంది ఆడవాళ్లు
పొద్దుగూకేదాకా పేజీలు విప్పేవాళ్లు
పది అణాలకి.

"ఇదంతా యాడికి పోతాది మే?"
కొత్తగా చేరిన మస్తానమ్మ అడిగింది.
"మద్రాసు హార్బరుకి," అన్నాడు గుమస్తా వరదాచారి.
"ఆడ్నించి?"
"అమెరికాకి."
"వాళ్లేం చేసుకుంటారు?"

ఆయన లోపలికెళ్లి ఒక రంగుల పత్రిక తెచ్చాడు,
కొనుగోలు దొర మరిచిపోయి పోయింది.
మధ్య పేజీలో వంటిల్లు.
పొగ లేదు, మసి లేదు,
పాలు చల్లబరిచే బీరువా ఒకటి గోడంత.
గౌనేసుకున్నామె పళ్లన్నీ కనపడేట్టు నవ్వుతా ఉంది.
ముందర వెండిరంగు డబ్బా,
దాంట్లోంచి రెండు రొట్టెముక్కలు
గాల్లోకి లేచి ఆగిపోయినాయి.

దాని పొట్టలో ఎర్రగా కాలే తీగ ఉంటుందంట,
ఆ తీగ చుట్టేది మన మైకాకే.
ఇస్త్రీపెట్టెలో, రేడియో గాజుబుడ్డిలో,
ఇంట్లోనే బొమ్మలాడే పెట్టెలో.
షెడ్డులో కత్తులు కాసేపు ఆగినాయి.

"రొట్టె జొరమొచ్చినోళ్లు గదా తినేది," అంది రవణమ్మ.
"ఆ దేశంలో అందరికీ జొరమేనా?"
"జొరమే అనుకో, కొనే జొరం.
ఉన్న కారు పాతబడకముందే ఇంకోటి,
డబ్బులు లేకపోతే కంతుల మీద."
"కంతులయితే మాకూ తెలుసు," అంది రవణమ్మ,
మార్వాడీ అంగడి వైపు తల తిప్పి.

మస్తానమ్మ మటుకు బొమ్మ మూలకి వంగింది.
తలుపు పక్కన, అంచుకి సగం కోసుకుపోయిన మనిషి.
నల్లటి చెయ్యి, చేతిలో పళ్లెం.
"ఈమెవరు సామీ?"
వరదాచారి కళ్లద్దాలు తుడుచుకుని
కింద అచ్చంతా వెతికాడు.
ఆమె గురించి ఏమీ రాయలేదు.

వానలకి ముందర దొరే వచ్చాడు,
చెమటతో చొక్కా వీపుకంటుకుని.
పెట్టెల్లో సగం వంటిళ్లకి పోవంట,
గిడ్డంగుల్లో దాచిపెడతారంట, యుద్ధానికి.
ఏ యుద్ధానికని మేనేజరు అడిగితే
రాకుండా ఉండే యుద్ధానికన్నాడంట.
పెద్దమ్మకి అర్థం కాలేదు.
ఆమె ఏడాదికి దాచేది చింతపండు,
అది పులుసులోకి వస్తుంది.

పోతా పోతా దొర గుమ్మంలో నిలబడి
ఇక్కడ ఎర్రవాళ్లున్నారా అని అడిగాడు.
వరదాచారి చేతులు కట్టుకున్నాడు:
"లేదు సార్. ఎరుపు బీహారులో దొరుకుతుంది.
మాదంతా పచ్చే."
దొర నవ్వలేదు, పుస్తకంలో రాసుకున్నాడు.
రొండిన సంఘం చందా రసీదు మడిచిపెట్టుకున్న రవణమ్మ
కత్తి మీదికి ఇంకొంచెం వంగింది.

అదే ఏడు మా బడికి పాలపొడి వచ్చింది.
డబ్బా మీద కలుపుకున్న రెండు చేతులు.
వాటిలో ఏదీ పెద్దమ్మది కాదని
చూడగానే తెలిసింది నాకు.
ఆ గోళ్ల కింద మెరుపు లేదు.
అయినా గ్లాసు అడుగుదాకా తాగినాను, ఆకలిగా ఉండింది.

తొమ్మిదేళ్లకి షెడ్డులో పదకొండుమంది మిగిలారు.
వరదాచారి అల్లుడు అరచేతిలో పట్టే రేడియో తెచ్చాడు.
బుడ్లు లేవు, వేడెక్కదు.
పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది,
రాయిలో అంచు వెతికినట్టు.
"ఇందులో మనదెంతుంది సామీ?"
ఆయన సంచిలోంచి పొడుం తీసి పీల్చి
చానాసేపు తుమ్మాడు.

ఆమె రేడియో చెవి కాడ పెట్టుకుంది.
బియ్యం ధరలు చెబుతున్నారు.