వీపులు

ఆరు తిరగేస్తే తొమ్మిది.
తెల్లగుడ్డ చాలని ఏడు నేను చేసిన పని అదే.
గౌరీశుకి జొరమొస్తే వాడి అంకె ఊడదీసి
తలకిందులు చేసి
పోలిరాజు చొక్కాకి కుట్టేసేవాణ్ని.
రిఫరీకి తెలుసు, ఏమీ అనేవాడు కాదు.
ఆయన ప్యాంటుకి జిప్పు వేసిందీ నేనే.

నెల్లిమర్లలో, మిల్లు గేటుకి ఎదురుగా నా కొట్టు.
మిషన్లు రెండు, ఒకటి తిరుగుతుంది.
ఇరవైరెండేళ్లుగా చంపావతి బాయ్స్ వీపులన్నీ
నా సూది కింద నుంచే గ్రౌండుకి వెళ్లాయి.

వాళ్లు కారులో వచ్చారు, పెద్ద టీము మనుషులు.
టీవీలో ఆడే టీము,
ఒక్క టికెట్టు పెట్టి మా ఇంటికి నెల బియ్యం కొనొచ్చు.
సెక్రటరీ తవిటినాయుడు కొబ్బరిబొండాలు కొట్టించాడు.
"భాగస్వామ్యం" అన్నారు.
కొత్త తువ్వాలు లాంటి మాట.
మెత్తగానే ఉంటుంది, తడి పీల్చదు.
ఆ మాట మాకు కొత్త కాదు.
మిల్లు గేటు మీద నోటీసులో చదివాం,
తాళం పడటానికి పదకొండు రోజుల ముందు.

గడ్డి వేస్తారట. దీపాలు పెడతారట.
బూట్లు, పాలు, గుడ్లు, ఒక కోచ్.
రంగు మాత్రం వాళ్లదే.
గోనె రంగు చొక్కా, పచ్చ అంచు ఇక ఉండవు.
గుండె మీద వాళ్ల పులి,
మా జూటు కండె జబ్బ మీదకి, అగ్గిపెట్టంత.
బాగా ఆడే గుంటణ్ని పదహారేళ్లకి పట్టుకుపోతారట,
కాలు విరిగితే మళ్లీ మాకే ఇస్తారట.

"నారు మనం పొయ్యాల, కోత ఆళ్లు కొయ్యాలా?" అంది సన్యాసమ్మ,
ఉడకేసిన సెనక్కాయల తట్ట నెత్తి మీంచి దించకుండానే.
గీతలకి సున్నం పోసే గురువులు
బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.
"ఈపు మీద కొట్టు గానీ కడుపు మీద కొట్టొద్దంటారు కదేటి.
ఈళ్లు ఆ రెండూ ఒగ్గీసి
పేరు మీద కొడతన్నారు."

నేనేమీ అనలేదు.
మా దాలినాయుడికి పద్నాలుగు.
ఎడం కాలు వాడిది.
వాడి బూటు అడుగున అట్టముక్క పెట్టాను,
చినుకు పడితే ఉబ్బుతుంది.
రాత్రి అన్నం ముందు అడిగాడు,
"నానా, ఆళ్లిచ్చిన బూట్లు కొత్తయేనా?"

ఆదివారం సంతకాలు.
దానికి ముందు వాళ్ల పిల్లలతో మా పిల్లలకి ఓ మ్యాచ్.
వెళ్లాం, నాలుగు వందల మందిమి.
ఎవరి గోనెసంచి వాళ్లు పరుచుకుని
గ్రౌండుకి వీపు పెట్టి కూర్చున్నాం.
కేక లేదు, రాయి లేదు.
ఎదురుగా రైలుకట్ట, కట్ట మీద రెండు మేకలు.
ఆట మొత్తం మేం చూసింది వాటినే.
ఒకటి ఇంకోదాని చెవి నమిలింది.

కళ్లు సమ్మె కట్టాయి గానీ
చెవులు మాట వినవు కదా.
తడిమట్టి మీద బంతి పడ్డ చప్పుడు.
అది పోలిరాజు అడ్డం పడటం.
అది గౌరీశు దగ్గు.
తర్వాత కిర్రు, కిర్రు, కిర్రు,
నానిన అట్ట.
నా వేళ్లు సంచిలో పురి ఒకటి లాగుతున్నాయి.
పరుగు.
పరుగు.
ఆగాడు.
వల ఊగింది.
ముక్కాం నుంచి పాత చేపలవల తెచ్చి
దానికి అతుకులేసిందీ నేనే,
ఆ ఊపు నాకు తెలుసు.
ఏ వైపు వలో మాత్రం తెలీలేదు.

నాలుగు వందల మెడలు బిగుసుకున్నాయి.
"ఎవులేసినారు?" సన్యాసమ్మ, పెదాలు కదపకుండా.
గురువులు మేకల్నే చూస్తున్నాడు, గెడ్డం తడిగా.
ఎవ్వరూ తిరగలేదు.

వీపు మీద ఎండ పాకుతోంది.
అందరి వీపులకీ అంకె వేశాను,
నా వీపుకి లేదు.
ఆ గుంటడు గోలు కొట్టి ఇటు చూస్తే
నాలుగు వందల్లో
నాన్నది ఏదో ఎలా పోల్చుకుంటాడు?