ఏ గేర్ల ఎక్కినవో

క్లచ్ తొక్కాల్సింది నా ఎడమ కాలు.
అదిరిపడేది ఆయన ఎడమ కాలు.
పక్క సీట్ల, అచ్చంపేట దవఖాన్ల వేసిన
పిండికట్టు లోపలికెల్లి
పాదం కింది రేకును తొక్కుతది.
అక్కడ పెడలు లేదు.

మా పర్వతాలు పదకొండేండ్లు నడిపిన బొలెరో పికప్.
యూరియా బస్తా దించుకుంట డాలా మీదికెల్లి జారిండు,
మడిమ కాడ ఎముక రెండు ముక్కలైంది.
మనిషి ఆగిండు, కిస్తీ ఆగదు గద.
ఐదో తారీఖు ఫైనాన్సు పిల్లగాడొచ్చి
టైర్ల చుట్టూ తిరిగి చూసిండు,
పెండ్లిచూపులకొచ్చినోని లెక్క.

"డ్రైవర్ను పెడితే రోజుకు ఎనిమిదొందలు.
నాకు నేర్పు," అన్న.
నవ్విండు. నవ్వి
చానసేపు గోడ దిక్కు చూసిండు.

మార్కెట్ యార్డు ఎనుక మైదానంల
మొదటి రోజు పదిహేడుసార్లు ఆగిపోయింది బండి.
మొండి బర్రె తలుగు తెంపినట్టు ఒక్క గుంజు,
అటెంక సప్పుడుండదు.
"గేరు రాడ్డును చూడకు.
దానికి కండ్లున్నయా? నీకెందుకు?"
రాడ్డు తల మీది అంకెలు ఎన్నడో అరిగిపోయినయి,
ఏది యాడున్నదో ఆయన అరచెయ్యికే ఎరుక.
నా చెయ్యి మీద చెయ్యి పెట్టి
ఎడమకు, మీదికి. కిందికి. మళ్ల నడిమికి.
పెండ్లై తొమ్మిదేండ్లు.
హమాలీలు చూస్తుండంగ
నా చెయ్యి పట్టుకున్నది గప్పుడే.

"మొదటిది లేపేటందుకే, అండ్ల ఎక్కువసేపుంటే ఏడుస్తది.
రెండోది పని గేరు.
ఊరు దాటినంక మూడు.
మిగిలినయి రోడ్డు మంచిగుంటెనే."
"ఎప్పుడు మార్చాలె?"
"ఇంజనే అడుగుతది. విను."

వినుడు నాకు కొత్త గాదు.
ఎసరు ఎప్పుడు మరుగుతదో,
బిడ్డ ఏడుపు ఆకలిదో నిద్రదో,
వాకిట్ల చెప్పులిడిసే సప్పుడును బట్టి
ఇయ్యాల ఈయనకు కిరాయి దొరికిందో లేదో.
ఇంజన్ గొంతు బరువెక్కుతుంటే
మీటరు చూడకుండనే గేరు కిందికి గుంజిన.
ఆయనేమనలే.
కట్టు లోపలి పాదం మాత్రం
నా కాలు కంటె జర ఆలస్యంగ తొక్కింది.

అమ్రాబాద్ నుంచి పల్లికాయ తేవాలె.
మా బిడ్డ శివలీల ఎర్రరంగుతోటి రాసిన ఎల్ బోర్డు
ఇంకా ముందట్నే ఉన్నది.
ఘాటు మూడో మలుపుల ఆర్టీసీ బస్సు ఎదురొచ్చింది.
ఎక్కుడు మీద ఆపిన.
బస్సు డ్రైవరు కిటికీలకెల్లి
నన్నొకసారి, పక్కన ఈయననొకసారి చూసుకుంట పోయిండు.

ఇగ లేపాలె.
"హాఫ్..." అనవోయి నోరు మూసుకున్నడు.
మెల్లగ ఇడిసిన. బండి ముక్కు లేసింది,
బానెట్ వణికింది.
అగో, ఆ వణుకుడు కాడ
ముందుకూ పోదు, ఎనుకకూ రాదు.
ఎంతసేపైన నిలబడొచ్చు అక్కడ,
కాకపోతే లోపల ప్లేటు అరుగుతుంటది.
హ్యాండ్ బ్రేక్ దించిన. ఎక్కింది.

మర్లేటప్పుడు డాలా నిండ నలభై బస్తాలు.
నాలుగోది వేసి జారిడుద్దామనిపించింది,
డీజిలన్న మిగులుతదని.
"ఏ గేర్ల ఎక్కినవో ఆ గేర్లనే దిగాలె.
కుర్మయ్య తాత చెప్పిన మాట."
కుర్మయ్య ఇప్పుడు లేడు.
ముప్పైయేండ్లు ఈ ఘాటుల తిరిగి
ఇంట్ల, మంచంల పోయిండు.
అదే ఆయన గొప్పతనమంటడు మావోడు.

రెండోదిలనే దిగిన.
గుర్రుమనుకుంటనే ఇంజన్ బరువునంత పట్టుకున్నది,
బ్రేకు మీద కాలేసింది తక్కువ.
ఇప్పపూల వాసన,
మైలురాయి మీద ఒక కొండముచ్చు.
ఘాటు దిగినంక పక్కకు చూస్తే
తల కిటికీకి ఆనించి, నోరు జర తెరిచి
నిద్రపోయిండు మనిషి.
పదకొండేండ్లల ఈ బండ్ల కన్ను మూసినోడు గాదు.
కట్టు కాలు ఎవలిదో అన్నట్టు పడున్నది.

హాజీపూర్ కాడ స్పీడ్ బ్రేకరుంటది.
మూడుకెల్లి రెండుకు కిర్రుమంటది మా బండి,
ఎన్నటికైన అంతే.
లేస్తడేమోనని
క్లచ్ తొక్కి న్యూట్రల్ జేసి, ఇడిసి,
మళ్ల తొక్కి వేసిన.
సప్పుడు రాలే.
రెండుసార్లు తొక్కాలని ఆయన నోటితోటి ఎన్నడు చెప్పలే.
ఆ కట్టు కాలును చూసి నేర్చుకున్న.