చట్టానికి తెలిసిన భార్య

నన్ను బోనెక్కించలేదు.
మొగుడి మీద పెళ్ళాం సాక్ష్యం చెల్లదట.
ప్రోవో కోర్టులో, పొయ్యికి దూరంగా, మూడో బల్ల మీద
చేతితొడుగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
పద్దెనిమిది వందల ఎనభై ఆరు, ఫిబ్రవరి. బయట బురదమంచు.

బోనెక్కింది సిడ్సెల్.
పెళ్ళాం కాదు గనక ఆమె చెప్పితీరాలి.
పెళ్ళాన్నే అంటే కోర్టు నమ్మదు,
కాదంటే చంకలో బిడ్డ ఊరుకోదు.
"ఈ పాప తండ్రి ఎవరు?"
సర్కారు వకీలు మూడుసార్లు అడిగాడు,
మూడోసారి కాస్త మెత్తగా.
సిడ్సెల్ కిటికీలోంచి గుర్రాలను చూసింది.

మౌనం అర్ధాంగీకారం అంటారు.
నేను అర్ధాంగినైతే
ఆమె వాటా ఎంతో
ఏ లెక్కల పంతులూ నాకు చెప్పలేదు.

జడ్జిగారు కళ్ళద్దాలు తుడుచుకుని చదివారు:
నమ్మకం మీది, నడత మాది.
తలలో ఏ దేవుణ్ణైనా పెట్టుకోండి,
తలుపు లోపల మాత్రం చట్టం ఉంటుంది.
వెనక బల్లల్లో మావాళ్ళు గొణిగారు,
పరలోకంలో చెల్లే పెళ్ళికి
వాషింగ్టన్ ముద్ర ఎందుకని.
నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది.
ఇద్దరిలో ఒక్కరూ నావైపు తిరిగి మాట్లాడలేదు.

మావాళ్ళు ఒకసారి అడిగార్లెండి.
పెద్దభార్య ఒప్పుకోవాలి, అది నియమం.
ఒప్పుకోకపోతే?
ఒప్పుకోకపోయినా జరుగుతుంది, అదీ నియమమే.
పెద్దలు ఎంత నెమ్మదిగా చెప్పారంటే
వాళ్ళకి ఇంకో గ్లాసు మజ్జిగ పోశాను.
మందిరంలో, తెల్లబట్టల్లో,
డెన్మార్కు నుంచి ఓడ దిగి ఏడాదైనా కాని పిల్ల
కుడిచేతిని తీసి
లెమ్యూల్ కుడిచేతిలో పెట్టింది నేనే.
చెమటకి జారింది. మళ్ళీ పట్టుకోవలసి వచ్చింది.

ఏడేళ్ళు.
నేనేమీ దేవతను కాను.
ఆమె నవ్వు గోడ దాటి వినబడిన రాత్రులు
ఉన్ని ఏకుతూ తెల్లార్చాను.
ఈ సవతిని తీసెయ్యి ప్రభూ అని మొక్కాను కూడా;
అందుకొక ప్రభుత్వాన్నే పంపుతాడనుకోలేదు.
నా చిన్నాడు గొంతువాపుతో పోయినప్పుడు
పెట్టె లోపల మెత్తగుడ్డ
అంగుళం అంగుళం కుట్టిందీ ఆమే.

లెమ్యూల్‌కి ఆర్నెల్లు, మూడొందల డాలర్లు.
చారల బట్టలు. గడ్డం గీసేస్తారట;
ఆ గడ్డం కింది మొహం
మా ఇద్దరిలో ఎవరమూ చూళ్ళేదు.
సిడ్సెల్‌కి, నోరు విప్పనందుకు,
విప్పేదాకా జైలు.
చంటిదీ ఆమెతోనే.
డెప్యూటీ చెయ్యి పట్టబోతే విదిలించుకుని
నా దగ్గరికొచ్చి
జున్నుగడ్డల గది తాళంచెవి ఇచ్చింది.
"రోజూ తిరగెయ్యాలి. మర్చిపోతావు నువ్వు, థర్జా."
అంతే.

ఇంటికొచ్చేసరికి చీకటి.
ఆమె పెద్దది, ఐదేళ్ళ మారెన్, గుమ్మంలో ఉంది
పొరుగామె శాలువా చుట్టుకుని.
కొత్తవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో
మేమిద్దరం కలిసే నేర్పాం ఈ పిల్లకి
రొట్టెల పిండి పిసుకుతూ, ఎక్కంలా వల్లె వేయించి:
మీ నాన్న ఎవరు? తెలీదు.
మీ ఇల్లెక్కడ? తెలీదు.
నీ పేరేంటి? తెలీదు.

బూట్లు విప్పి, దీపం వెలిగించి
ఆకలేస్తోందా అమ్మా అని అడిగాను.

నా మొహంలోకి చూసి
తెలీదు అంది.