ఉప్పుకి చింతపండు

గుణుపురం సంతలో సోంబారి గమాంగో
కుండ మూతి విప్పగానే
నా పక్కనున్న బ్యాంకు గుమాస్తా
ముక్కు మూసుకుని రెండు దుకాణాలు దాటేశాడు.
నేను వంగి, ఇంకాస్త పీల్చాను.

తొలకరికి నేల పొడుచుకొచ్చిన వెదురు కొమ్ములు.
సన్నగా తరిగి, పిడికిలితో కుక్కి కుక్కి,
అడ్డాకు కప్పి, మీద బంకమట్టి మెత్తింది.
"గాలి తగిల్తే సెడిపోద్ది మాస్టారూ."
మాట తెలుగు, విసుగు సవర, లెక్క మాత్రం ఒడియా.
కాలేజీలో నేను వారం పట్టి చెప్పే పాఠం
ఒక్క ముక్కలో చెప్పేసింది.

చెప్పేసిందా?
లోపల, ఆ పుల్లటి చీకట్లో
కంటికి ఆనని ప్రాణులకీ ఆకలే.
మనలాగా గాలితో రాజేసుకునే పొయ్యి కాదు వాటిది.
మంట లేకుండానే ఉడకాలి.

పొరలో ఒక తలుపుంటుంది,
అటు మూసుకుంటేనే ఇటు తెరుచుకునే తలుపు.
ఒక ఆర్జినిన్ లోపలికి రావాలంటే
ఒక ఆర్నిథిన్ బయటికి నడవాలి.
ఖర్చు లేదు, అరువు లేదు.
ఒకటికి ఒకటి.
వచ్చినదాన్ని విరగ్గొట్టి,
అమ్మోనియాతో పులుపు కాస్త చంపుకుని,
చివరికి మిగిలేది ఒక్క ఏటీపీ.
గాలి పీల్చేవాళ్ళం ఒక్క గ్లూకోజుకి ముప్ఫై దాకా గుంజుతాం.
ఇక్కడ ఒక్కటే. కొసరులాంటిది.
ఆ కొసరు మీదే సంసారం.

ఇంకో జాతి ఉంది.
దానికి తిండి ఉప్పు చెయ్యి పట్టుకుని లోపలికొస్తుంది.
ఆ ఉప్పుని మళ్ళీ బయటికి గెంటడానికే
చేసిన కష్టంలో సగం చెల్లు.

ఉప్పంటే గుర్తొచ్చింది.
మా తాత నౌపడ నుంచి చిన్నరైల్లో
బస్తాలేసుకుని ఈ సంతకే వచ్చేవాడు.
తవ్వెడు ఉప్పుకి బుట్టెడు చింతపండు.
తవ్వ అడుగున రెండువేళ్ళ మందం మైనం ఉండేది.
నాన్న పోయేముందు చెప్పాడు, నవ్వుతూనే.
ఆ తవ్వ నా బల్ల మీదే ఉంది. పెన్నులు వేసుకుంటాను.
మైనం గీకలేదు.

కొండ దిగి చింతపండు మోసుకొచ్చిన
ఆ బుట్టల్లో ఒకటి సోంబారి అవ్వదేమో.
అడగలేదు.
వంద కాగితం ఇచ్చాను.
రెండు దోసిళ్ళు ఆకులో పోసి, నా మొహం చూసి,
ఇంకో గుప్పెడు వేసింది.
వేయమనలేదు నేను.
వద్దనీ అనలేదు.

తిరుగు బస్సులో వాసనకి జనం గొణుగుతున్నారు.
కండక్టరు కిటికీలన్నీ తెరిపించాడు.
పొట్లం ఒళ్ళో పెట్టుకుని
గాలి దూరకుండా మూతి నొక్కి పట్టుకున్నాను,
వంశధార వంతెన దాటేదాకా.