అంట

గుంటూరు కోర్టు ఎదురు సందులో
మూడో షట్టరు నాది.
మిర్చి యార్డు మీదుగా గాలి తిరిగిన రోజు
కీబోర్డు మీద కూడా ఘాటు కూర్చుంటుంది.
కళ్ళు తుడుచుకుంటూ కొడతాను,
ఏడుస్తున్నాననుకుని వచ్చినవాళ్ళు గొంతు తగ్గిస్తారు.

మధ్యాహ్నం ప్లీడరు గుమస్తా సుబ్బారాయుడు
ఎర్రగుడ్డ కట్టను బల్ల మీద దించాడు.
"ఉరి కేసు. అప్పీలు. ఎల్లుండితో ముప్పై రోజులు."
పేజీకి ఎప్పటి రేటే.

పేరేచర్ల దగ్గర చెక్‌పోస్టు, రాత్రి రెండున్నర.
హెడ్డు పరిశుద్ధరావుకి పదకొండు పోట్లు,
కానిస్టేబుల్ జాన్ సైదులుకి నాలుగు.
ముద్దాయి బాలకోటయ్య, లారీ క్లీనరు, ఇరవై రెండేళ్ళు.
చూడక్కర్లేదు నాకు,
ఈ పేర్లు నా వేళ్ళకి తెలుసు.

అప్పుడు నేను షట్టరులో లేను. లోపలున్నాను,
కాంట్రాక్టు స్టెనోగా, అయ్యగారి ఎడమపక్క.
సాక్షి తెలుగులో చెప్పేది,
అయ్యగారు ఇంగ్లీషులో చెప్పేవారు,
నేను అయ్యగారు చెప్పిందే కొట్టేదాన్ని.

టీబంకు మస్తాన్‌బీ
చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది:
"బాలకోటయ్యే పొడిచాడంట."

అంట.
ఆ చిన్న తోక ఎక్కడ తెగిందో,
ఫ్యాను రెక్కల కిందో
భోజనంవేళ తొందరలోనో,
కాగితం మీదికొచ్చేసరికి
అతను పొడిచాడు, ఆమె చూసింది.
నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.
అయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూశారు.
వేళ్ళు కదిలాయి.

అడుగున ఆ పాత వాక్యం కూడా నేనే కొట్టాను,
చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నది అని.
ఎవరూ చదవలేదు.
మస్తాన్‌బీ వేలిముద్ర వేసి
వేలు గోడకి రాసుకుంటూ వెళ్ళిపోయింది.
నిరుడు రంజానుకి ముందే పోయింది.

అతను చంపలేదని నేననను.
చంపే ఉండొచ్చు.
చొక్కా మీద రక్తం ఉంది,
ఆ పేజీ కూడా నేనే కొట్టాను.

గుమస్తా వెనకే వచ్చి గడపలో కూలబడింది
బాలకోటయ్య తల్లి అంకమ్మ.
"మావోణ్ణి ఉరేస్తారంటమ్మా" అంటుంది,
వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే.
ఆ అంటని పట్టుకునే
ఇన్నాళ్ళూ రెండు ముద్దలు మింగుతోంది.

బెంచీ మీద సలోమి, జాన్ సైదులు భార్య.
ఉద్యోగం ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉందట,
మళ్ళీ ఒక అర్జీ.
ఇద్దరికీ మధ్య నా అన్నం క్యారేజీ.
సలోమి నాతోనే అన్నట్టు గోడతో అంది:
"ఆ రాత్రి ఫోనులోనూ అట్టాగే అన్నారు,
మీ ఆయనకి దెబ్బ తగిలిందంట అని.
పెద్దాసుపత్రి మార్చురీ గేటు దాకా
ఆ ఒక్క మాట మీదే ఆటోలో కూర్చున్నా."

గుమస్తాకి చెప్పాను, లోపల ఏం జరిగిందో.
అతను పక్కకి తిరిగి నశ్యం పీల్చాడు.
"రికార్డులో లేని మాట కోర్టులో లేదు విజయమ్మా.
నువ్వు రాసిస్తావా మరి?
నిన్నే అడుగుతారు, ఇన్నాళ్ళూ ఏం చేశావని."

ఏం చేశాను.
అద్దె కట్టాను. రిబ్బన్లు పోయి ప్రింటరొచ్చింది.
పిల్లకి పాలిటెక్నిక్ సీటొచ్చింది.

కొత్త పేజీ తెరిచాను.
కారుమంచి విజయకుమారి అను నేను,
వయసు నలభై ఆరు,
ప్రమాణపూర్వకముగా తెలియజేయునది:
సాక్షి అంట అన్నది.
నేను విన్నాను.

"ఏం కొడుతున్నావు?" అంది సలోమి.
దాచలేదు. చెప్పాను.
ప్రింటరు చల్లారేంతసేపు ఏమీ అనలేదు.
తర్వాత తన కాగితాలు కవర్లో పెట్టుకుని
"నాది రేపు కొట్టు" అని లేచి
చెప్పులు వెతుక్కుంది.
ఒకటి దొరికింది.
రెండోది అంకమ్మ కాలి కింద ఉంది.

అంకమ్మ కాలు తీసింది.