తిరుగు టిక్కెట్టు

బుల్లియ్య చిన్నాన్న వస్తానంటున్నాడని
బేబమ్మ పిన్ని మూడుసార్లు ఫోన్ చేసింది.
మనిషి సగమైపోయాడే, చేతులు వణుకుతున్నాయి,
నీ నోటితో ఒక్క మాట వింటే నిద్ర పడుతుందట.

నా నిద్ర సంగతి
ముప్ఫయ్యేళ్ళుగా ఎవరూ ఫోన్ చేసి అడగలేదు.

ఇంటికి వద్దన్నాను.
ముక్తేశ్వరం రేవులో, పాక హోటలు బల్ల మీద,
పదిమందీ తిరిగే చోట.
మూడింటి పంటు దిగి నాలుగున్నర పంటు ఎక్కాలి.
ముందే వెళ్ళి తిరుగు టిక్కెట్టు కొని
కొంగున ముడేసుకు కూర్చున్నాను.

అవతల కోటిపల్లి గట్టు మసగ్గా ఉంది.
పంటు దగ్గరయ్యేకొద్దీ
ముందు ముక్కుకి తెలిసింది:
పీచు కొట్టు, నానిన డొక్కల కుళ్ళు వాసన,
లోపల్నించి పడ్డ గడియ,
తాటాకు కన్నంలోంచి
ఎండ ఎంత జరిగిందో కొలుచుకుంటున్న తొమ్మిదేళ్ళ పిల్ల.

దిగాడు.
చక్కెరకేళి గెల ఒకటి, ఎత్తలేక ఈడ్చుకుంటూ.
ఎంత చిన్నవాడైపోయాడు!
జాలేసింది. నిజం.
జాలేసినందుకు నా మీద నాకే ఒళ్ళుమండింది.

టీ తొరక కట్టింది.
తప్పు జరిగిపోయిందే, అన్నాడు.
జరగలేదు, చేశావు, అన్నాను.
గ్లాసులోకి చూస్తూ చూస్తూ
చాలాసేపటికి, చేశాను, అన్నాడు.
ఆ మాట మారడానికి
ముప్ఫయ్యేళ్ళూ ఒక గోదారీ పట్టాయి.

నీ మీద పగ లేదు చిన్నాన్నా.
ఎప్పుడు తీసిందో తెలీదు, వరద తీసినట్టు,
గుమ్మంలో ఇంకా ఒండ్రు ఉంది, అంతే.

మొహం విప్పారింది. అప్పుడడిగాడు:
పిల్లని ఓసారి చూపించవే. చేతన కదూ పేరు?
తొమ్మిదో ఏడా, పదో ఏడా?

వద్దు.

అయితే కోపం పోలేదన్నమాట, అన్నాడు.

ఏటిగట్టు వైపు చెయ్యి చూపించాను.
గోదారి మీద మాకేం కోపం?
పసుపూ కుంకాలు వేస్తాం, దీపాలు వదుల్తాం,
శ్రావణంలో ఆ చేతుల్తోనే ఇసక బస్తాలు మోస్తాం.
గోదారిని నమ్మి గట్టు తెంపుకున్న ఊరెక్కడైనా ఉంటే
చెప్పు, వెళ్ళి చూసొస్తాను.

అర్థమైందో లేదో.
కొంగు ముడి విప్పి టిక్కెట్టు ఇచ్చాను.
గెల హోటలు వీరవేణికి ఇచ్చేశాను.

పంటు నడిమధ్యకి పోయాక
కాళ్ళు వణికి మెట్ల మీద కూలబడ్డాను.
వీరవేణి ఏమీ అడక్కుండా
ఇంకో టీ తెచ్చి పక్కన పెట్టి పోయింది.

రాత్రి తలకి నూనె రాస్తుంటే
ఎవరొచ్చారమ్మా, అంది చేతన.
నాకు తెలిసిన మనిషి.
మనింటికి రాడు.

ఇన్నేళ్ళూ ఊపిరి బిగబట్టి రాసేదాన్ని.
ఇవాళ కొబ్బరినూనె
కొబ్బరినూనె వాసనే వేసింది,
దాదాపు.